లైసోసోము: చూడకముందే కొలిచిన కణాంగం

1949 డిసెంబరులో బెల్జియంలోని లూవేన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ డ దూవ్ అనే ముప్ఫైరెండేళ్ళ వైద్యుడు, ఆయన సహచరులు ఎలుక కాలేయాన్ని నూరి, ఆ గుజ్జులో కొన్ని ఎంజైముల పనితనాన్ని కొలుస్తున్నారు. వారి అసలు ఆసక్తి ఇన్సులిను మీద. కాలేయంలో చక్కెర విడుదలను అదుపు చేసే ఒక ఎంజైమును వెంటాడుతూ, పోల్చిచూడటానికని మరో ఎంజైమును కూడా పక్కన పెట్టుకున్నారు. ఆ రెండవదాని దగ్గర లెక్క తప్పింది. అంతకుముందటి ప్రయోగాలను బట్టి రావలసిన విలువలో పదోవంతు మాత్రమే వచ్చింది. గుజ్జును పారబోసి మళ్ళీ మొదలుపెట్టి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వారు దానిని ఫ్రిజ్‌లో దాచి, ఐదు రోజుల తరువాత మళ్ళీ కొలిచారు. నిలవ ఉన్న ఎంజైము బలం తగ్గడం మామూలు. ఇక్కడ అది ఎన్నో రెట్లు పెరిగింది.

లైసోసోము ఆవిష్కరణకు ఈ లెక్క తేడాయే మొదలు. కణకేంద్రకాన్ని గాని, మైటోకాండ్రియాను గాని శాస్త్రజ్ఞులు ముందు సూక్ష్మదర్శినిలో చూశారు, వాటి పని తరువాత తెలుసుకున్నారు. లైసోసోము విషయంలో వరుస తిరగబడింది. అది ఉండి తీరాలని అంకెలు చెప్పిన కొన్నేళ్ళకు గాని అది కంటికి కనబడలేదు. ఆ అంకెలు రాబట్టే విద్యకు ఒక తెలుగువాడి చేయి పడింది. ఆ విద్య కొనసాగింపు ఈనాటికీ తెలుగు కుటుంబాలలో పసిపిల్లల బతుకుతో ముడిపడి ఉంది.

కణం తనను తాను ఎందుకు తినదు?

కణం లోపల జీర్ణక్రియ జరుగుతుందన్న సంగతి పందొమ్మిదో శతాబ్దం చివరికే తెలుసు. రష్యా శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికోవ్ 1882లో సిసిలీలోని మెస్సీనాలో నక్షత్రచేప డింభకాల శరీరంలో ముల్లు గుచ్చి, కదిలే కణాలు దాని చుట్టూ మూగడం గమనించాడు. పరాయి పదార్థాన్ని మింగి అరిగించుకునే ఇటువంటి కణాలను ఆయన జీవితమంతా అధ్యయనం చేశాడు. ఏకకణజీవులు మింగిన నీలి లిట్మస్ రేణువులు లోపలికి పోయాక ఎర్రబడతాయని గమనించాడు. అంటే మింగిన పదార్థం చేరిన చోట ఆమ్లం ఉన్నదన్నమాట. రోగనిరోధకశక్తిపై చేసిన కృషికి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి లభించింది.

మరోవైపు, చనిపోయిన జంతువు కాలేయాన్ని క్రిములు సోకకుండా వెచ్చగా ఉంచినా అది తనంతట తానే కరిగిపోతుందని కూడా తెలుసు. ప్రోటీన్లను, న్యూక్లియిక్ ఆమ్లాలను, కొవ్వులను, చక్కెర గొలుసులను ముక్కలు చేయగల ఎంజైములు కణంలోనే ఉన్నాయని దీని అర్థం. అలాంటప్పుడు బతికి ఉన్నంతకాలం అవి కణాన్ని ఎందుకు తినివేయవు? ఈ ప్రశ్నకు అప్పటికి సరైన జవాబు లేదు.

నీలిరంగుతో కొలత

లూవేన్‌లో లెక్క తప్పిన ఎంజైము పేరు ఆసిడ్ ఫాస్ఫటేజు. ఇతర అణువులకు అంటుకొని ఉన్న ఫాస్ఫేటును ఆమ్ల వాతావరణంలో ఊడగొట్టడం దాని పని. ఎంత ఫాస్ఫేటు ఊడిందో తెలిస్తే ఎంజైము ఎంత పనిచేసిందో తెలుస్తుంది. ఫాస్ఫేటును మిల్లీగ్రాములో అతి చిన్న భాగం దాకా నమ్మకంగా కొలవగలగడం ఇక్కడ కీలకం. ఆ అవసరాన్ని తీర్చిన పద్ధతి అప్పటికి పాతికేళ్ళ క్రితమే హార్వర్డు వైద్యకళాశాలలో రూపొందింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించి, 1920ల తొలినాళ్ళలో బోస్టను చేరాడు. అక్కడ సైరస్ ఫిస్క్ వద్ద జీవరసాయనశాస్త్రంలో పనిచేశాడు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వివరిస్తూ ఇద్దరూ రాసిన వ్యాసం 1925లో వెలువడింది. ఆమ్లద్రావణంలో మాలిబ్డేటు ఫాస్ఫేటుతో కలిసి ఒక సమ్మేళనం ఏర్పడుతుంది. దానికి తగిన క్షయకరణిని చేర్చితే ముదురు నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ రంగు గాఢతను తెలిసిన ప్రమాణంతో పోల్చితే పరిమాణం తేలుతుంది.

వినడానికి ఇది చిన్న విషయం. కాని ఆ తరువాతి దశాబ్దాలలో ఫాస్ఫేటుతో ముడిపడిన ఎంజైములను పరిశోధించిన ప్రయోగశాలలకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి నిత్యావసరం అయింది. జీవరసాయనశాస్త్రంలో అత్యధికంగా ఉదహరించబడిన వ్యాసాలలో అదొకటి. ఆ పద్ధతినే ఆసరాగా చేసుకొని వారిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తరువాత 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. సుబ్బారావు 1940లో హార్వర్డు వదిలి లెడర్లే సంస్థకు వెళ్ళాడు, 1948 ఆగస్టులో కన్నుమూశాడు. లూవేన్ ఫ్రిజ్‌లో ఎంజైము పెరగడం ఆ తరువాతి సంవత్సరపు మాట. తెలుగునాట ఆయన పేరు మందుల ఆవిష్కర్తగా వినిపిస్తుంది. కాని ఎదుటివారి ప్రశ్నలకు కూడా జవాబు రాబట్టగల కొలబద్దను అందించినవాడు ఆయన. ఆ గౌరవం కూడా చిన్నది కాదు.

సంచి ఉందని అంకెలు చెప్పాయి

డ దూవ్ బృందం ముందున్న చిక్కు ఇది. తొలి ప్రయోగాలలో కాలేయాన్ని స్వేదనజలంలో వేసి మిక్సీ వంటి యంత్రంలో రుబ్బారు. అప్పుడు ఎంజైము పనితనం నిండుగా కనిపించింది. తరువాత ఆల్బర్ట్ క్లాడ్ రూపొందించిన పద్ధతిని అనుసరించి, కాలేయాన్ని చక్కెర ద్రావణంలో ఉంచి, గాజు గొట్టంలో కాడతో మెత్తగా నూరారు. తరువాత సెంట్రిఫ్యూజ్‌లో వేర్వేరు వేగాలతో తిప్పి, కేంద్రకాలను, మైటోకాండ్రియాను, అంతకన్న సూక్ష్మమైన రేణువులను వేరు చేశారు. ఈ సున్నితమైన నూరుడులోనే పదోవంతు విలువ వచ్చింది. అంతేకాదు, విడదీసిన భాగాలలోని విలువలన్నీ కలిపితే అసలు గుజ్జులో వచ్చిన విలువను మించిపోయింది.

ఈ అంకెలన్నిటికీ ఒకే వివరణ సరిపోయింది. ఎంజైము ఒక పొర లోపల బంధింపబడి ఉంది. పొర చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ ఎంజైము, అది పనిచేయవలసిన పదార్థం ఒకదానినొకటి తాకవు. మిక్సీ ఆ పొరను చింపింది. స్వేదనజలం సంచిలోకి చొరబడి దానిని ఉబ్బించి పగలగొట్టింది. ఫ్రిజ్‌లో ఐదు రోజులకు పొర దానంతటదే శిథిలమైంది. పెరిగింది ఎంజైము కాదు, బయటపడిన భాగం మాత్రమే. 1951లో డ దూవ్, జాక్ బెర్తే కలిసి ఈ ‘దాగిన’ ఎంజైము గురించి ప్రచురించారు. అప్పటికి ఆ సంచి మైటోకాండ్రియానే అని వారి అభిప్రాయం.

మరికొన్నేళ్ళ కొలతలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. సెంట్రిఫ్యూజ్‌లో ఆసిడ్ ఫాస్ఫటేజు మైటోకాండ్రియాతో పూర్తిగా కలిసి అడుగుకు చేరడం లేదు, కొద్దిగా వెనుకబడుతోంది. దానితోపాటు మరో నాలుగు ఎంజైములు కూడా అదే తీరున దిగుతున్నాయి. ప్రోటీన్లను విరిచే కాథెప్సిన్, ఆర్‌ఎన్‌ఏను, డీఎన్‌ఏను విరిచే రెండు ఎంజైములు, చక్కెర గొలుసుల మీద పనిచేసే బీటా-గ్లూకురోనిడేజు. అయిదింటికీ ఆమ్ల వాతావరణం కావాలి. అయిదూ పదార్థాలను ముక్కలు చేసేవే. అయిదూ పొర చిరిగితేనే బయటపడుతున్నాయి. 1955లో ఆ సంచికి ‘లైసోసోము’ అని నామకరణం జరిగింది. కరిగించే దేహం అని గ్రీకు మూలాల అర్థం.

అప్పటికి దానిని కన్నులారా చూసినవారు లేరు. అదే ఏడాది అమెరికా నుండి అలెక్స్ నొవికోఫ్ లూవేన్ వచ్చి, లైసోసోములు చిక్కగా చేరిన భాగాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. పొరతో చుట్టబడిన చిక్కని గుండ్రని రేణువులు కనిపించాయి. కాలేయకణాలలో పిత్తనాళికల అంచున ఇలాంటి రేణువులు ఉన్నట్టు అంతకుముందే కొందరు చూశారు గాని, అవేమిటో తెలియలేదు. 1956లో ఈ చిత్రాలు ప్రచురితమయ్యాయి. అంకెలలో పుట్టిన సంచికి రూపం దొరికింది. 1974లో క్లాడ్, డ దూవ్, జార్జ్ పలాడీ ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

కణం తనను తాను ఎందుకు తినదన్న పాత ప్రశ్నకు జవాబులో మొదటి భాగం పొర. రెండవ భాగం ఆమ్లం. కణద్రవ్యం దాదాపు తటస్థం, దాని పీహెచ్ సుమారు 7.2. లైసోసోము లోపల అది 5కు దిగువన ఉంటుంది. ఒకటి రెండు సంచులు పగిలినా, బయటి తటస్థ వాతావరణంలో ఆ ఎంజైములు సరిగా పనిచేయలేవు. ఆ ఆమ్లతను నిలిపి ఉంచేది పొరలో అమరిన ఒక ప్రోటాను పంపు. అది నడిచేది ఏటీపీ ఇచ్చే శక్తితో. సుబ్బారావు కొలతల నుండి వెలికివచ్చిన అణువే ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. లైసోసోములో ఇప్పటికి సుమారు 60 రకాల జీర్ణ ఎంజైములు తెలుసు. అవి బయటి నుండి మింగినదానినే కాక, కణంలో పాతబడిన భాగాలను కూడా విరిచి, ముడిసరుకును తిరిగి కణానికి అందిస్తాయి. ఈ రెండవ పనికి 1963లో డ దూవ్ ఆటోఫేజీ అని పేరు పెట్టాడు. దాని జన్యువులను విప్పిచెప్పిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ దక్కింది.

ఒక్క ఎంజైము లోపిస్తే

1932లో హాలెండు వైద్యుడు యొహానెస్ పోంపె, గుండె విపరీతంగా పెరిగి మరణించిన ఏడు నెలల పాప శవపరీక్ష వివరాలను ప్రచురించాడు. గుండెకండరం నిండా గ్లైకోజన్ పేరుకొని ఉంది. గ్లైకోజన్‌ను వాడుకునే మామూలు ఎంజైములన్నీ ఇలాంటి పిల్లలలో సవ్యంగానే ఉన్నాయని తరువాత తేలింది. మరి గ్లైకోజన్ ఎందుకు మిగిలిపోతోంది? ముప్ఫై ఏళ్ళు ఇది వీడని ముడి. పోంపె ఆ జవాబు వినలేదు. నాజీ వ్యతిరేక ప్రతిఘటనలో పాల్గొన్నందుకు జర్మన్ సైన్యం 1945 ఏప్రిల్‌లో ఆయనను కాల్చి చంపింది.

1963లో లూవేన్‌లోనే ఆంరీ జెరీ ఎర్స్ ముడి విప్పాడు. ఆమ్లంలో మాత్రమే పనిచేసే మరొక ఎంజైము గ్లైకోజన్‌ను విరుస్తుందని, అది లైసోసోములో ఉంటుందని, ఈ పిల్లలలో అది లేదని చూపించాడు. కణంలో పాతబడిన పదార్థంతోపాటు కొంత గ్లైకోజన్ కూడా లైసోసోములోకి చేరుతుంది. అక్కడ దానిని విరిచే ఎంజైము లేకపోతే బయటికి వచ్చే దారి లేదు. సంచి ఉబ్బుతుంది, కణం నిండుతుంది, కండరం సడలుతుంది. జీర్ణం చేసే ఎంజైము లోపిస్తే జీర్ణం కానిది పోగుపడుతుంది. ఈ ఒక్క సూత్రంతో దశాబ్దాలుగా విడివిడిగా వర్ణించబడిన వ్యాధులు ఒక కుటుంబంగా అర్థమయ్యాయి. 1882లో ఫిలిప్ గాషే వర్ణించిన వ్యాధిలో లోపించిన ఎంజైమును 1965లో అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం గుర్తించింది. టే-శాక్స్ వ్యాధి మూలం 1969లో తెలిసింది.

చికిత్సకు దారి మరో వైపు నుండి వచ్చింది. 1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం, హర్లర్, హంటర్ అనే రెండు వేర్వేరు వ్యాధుల పిల్లల చర్మకణాలను ఒకే గిన్నెలో పెంచింది. రెండు రకాల కణాలూ బాగుపడ్డాయి. ఒకరి కణాలు విడిచిన ఎంజైమును మరొకరి కణాలు అందుకొని లైసోసోముకు చేర్చుకున్నాయి. అంటే బయటి నుండి ఇచ్చిన ఎంజైము కూడా సరైన చోటికి చేరగలదు. చిరునామా ఏమిటన్నది 1977లో విలియం స్లై బృందం తేల్చింది. ఎంజైము మీది మానోజు చక్కెరకు అంటుకున్న ఒక ఫాస్ఫేటు, అంటే మానోజ్-6-ఫాస్ఫేటు. ఈ కథలో ఫాస్ఫేటు మరోసారి ముందుకు వచ్చింది.

ఆ చిరునామాను చదివే గ్రాహకాలు జీవపరిణామంలో ఎంత పాతవన్న ప్రశ్నను హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నడింపల్లి శివకుమార్ బృందం చేపట్టింది. చేపలలోను, మంచినీటి ఆలుచిప్పలలోను, నక్షత్రచేపలోను అటువంటి గ్రాహకాలను వెదకి, వెన్నెముక ఏర్పడకముందే ఈ ఏర్పాటు ఉన్నదనడానికి ఆధారాలు చూపింది. మెచ్నికోవ్ ముల్లు గుచ్చిన ప్రాణి మరో శతాబ్దంలో గచ్చిబౌలి ప్రయోగశాలకు చేరిందనవచ్చు.

1991లో గాషే వ్యాధికి తొలి ఎంజైము చికిత్సకు అమెరికా అనుమతి ఇచ్చింది. ప్రసవానంతరం సేకరించిన మాయ నుండి ఆ ఎంజైమును తీసేవారు. 1994లో జన్యుసాంకేతికతతో తయారైనది వచ్చింది. పోంపె వ్యాధికి 2006లో మందు వచ్చింది. రెండు వారాలకొకసారి, సిరలోకి, జీవితాంతం. రక్తం నుండి మెదడులోకి ఈ ఎంజైములు చేరలేవు కనుక, మెదడు దెబ్బతినే వ్యాధులలో ఫలితం పరిమితమే.

బల్ల, మేనరికం, మడమ నుండి ఒక రక్తపు చుక్క

గాషే వ్యాధిలో ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, ఎముకలు నొప్పిపెడతాయి. తెలుగు పల్లెలలో దీనిని ‘కడుపులో బల్ల పెరిగింది’ అంటారు. బల్ల పెరగడానికి మలేరియా మొదలు రక్తక్యాన్సరు దాకా కారణాలు అనేకం. లైసోసోము వ్యాధి ఆ జాబితాలో చివరిది కావడం వల్ల, చాలామంది పిల్లలు ఆస్పత్రి నుండి ఆస్పత్రికి తిరిగిన తరువాత గాని రోగనిర్ధారణ జరగదు. విడివిడిగా ఇవి అరుదు. కలిపి చూస్తే అంత అరుదు కాదు. 1999లో ప్రచురితమైన ఆస్ట్రేలియా లెక్క ప్రకారం 7,700 జననాలకు ఒకటి.

వీటిలో అధికభాగం, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపజన్యువులు కలిస్తే వచ్చేవి. మేనబావ మరదళ్ళ జన్యువులలో ఎనిమిదోవంతు ఉమ్మడివి. అక్కకూతురిని చేసుకున్న మేనమామ విషయంలో అది నాలుగోవంతు. మేనరికం లోపాన్ని పుట్టించదు. ఏ వంశంలోనైనా కనబడకుండా ఉండిపోయే లోపాన్ని రెండు వైపుల నుండి ఒకచోట చేరుస్తుంది. మేనరికపు దంపతులలో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. కాని ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మొదటి బిడ్డ జబ్బు పేరు తెలియకపోతే రెండవ కాన్పునాటికి చేయగలిగిన పరీక్ష కూడా చేజారిపోతుంది. ఇటువంటి ఇళ్ళలో రోగనిర్ధారణ అవసరం ఒక్క బిడ్డతో తీరేది కాదు.

హైదరాబాదులో రాధారమాదేవి, నౌషాద్ నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రులలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వారు వెదకినవి లైసోసోము వ్యాధులు కావు. ఇతర జీవక్రియా లోపాలే వెయ్యిమందిలో ఒకరికి కనిపించాయి. లైసోసోము ఎంజైములను వడపోత కాగితంపై ఆరిన రక్తపు చుక్కలో కొలవవచ్చని ఆ కాలానికే రుజువైంది. హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్ కేంద్రం, నిమ్స్ కలిసి ఇప్పుడు అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. 2021 నాటి ఆ విధానం కింద, 2022 సవరణ తరువాత, రోగికి 50 లక్షల రూపాయల దాకా సహాయం లభిస్తుంది. ఎంజైము మోతాదు శరీరం బరువును బట్టి ఉంటుంది. బిడ్డ ఎదిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, పరిమితి మాత్రం అక్కడే నిలిచి ఉంటుంది. జీవితాంతపు మందుకు ఒక్కసారి ఇచ్చే మొత్తం ఎన్నాళ్ళు సరిపోతుందన్నది ఆ తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న.

దగ్గరి సంబంధాల వివాహాలు తెలుగువారికే పరిమితం కావు. ఖతర్ పౌరులలో అటువంటి వివాహాలు 54 శాతమని 2006లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ దేశం ఎంచుకున్న మార్గం గమనించదగినది. 2003 డిసెంబరులో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం సహకారంతో నవజాత శిశువుల పరీక్ష ప్రారంభించింది. సుమారు 1,800 జననాలకు ఒకరికి హోమోసిస్టిన్యూరియా ఉన్నదని ఆ కొలతల వల్లే బయటపడింది. అది లైసోసోము వ్యాధి కాదు. కాని ముందుగా కొలిస్తే ముందుగా చికిత్స మొదలవుతుందన్న పాఠం రెండింటికీ ఒకటే. దోహాకు దక్షిణాన అల్ వుకైర్‌లో కాపురముండే తెలుగు దంపతులకు అక్కడ బిడ్డ పుడితే, మడమ నుండి తీసే రక్తపు చుక్క పరీక్ష ఆనవాయితీగా జరిగిపోతుంది. అదే దంపతులు కాన్పుకు పుట్టింటికి వస్తే, అడిగి చేయించుకోవలసి రావచ్చు. ఇంట్లో మేనరికం ఉన్నా, కారణం తెలియకుండా పసితనంలో పోయిన బిడ్డ ఉన్నా, ఆ సంగతి వైద్యునికి చెప్పడం, పరీక్ష అడగడం పెద్దల బాధ్యత.

లూవేన్‌లో ఐదు రోజుల తరువాత రెండోసారి కొలిచినందువల్ల లైసోసోము దొరికింది. ఇప్పుడు ఏ ఎంజైమును కొలవాలో, ఎలా కొలవాలో తెలుసు, కొలిచే చోటు హైదరాబాదులోనే ఉంది. ఇంకా మిగిలి ఉన్నది, పొట్ట ఉబ్బిన బిడ్డ విషయంలో ఆ కొలత చివరిది కాకుండా చూడటం.